రొమ్ము క్యాన్సర్ చికిత్స రోజుల్లో నవ్వు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్కకి హైదరాబాద్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగినన్నాళ్లూ తన పక్కన తోడుగా ఉన్నాను. ఇప్పుడు అక్క బాగుంది. నేను మాత్రం కొత్తగా కీమో మొదలుపెట్టే ఆడవాళ్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడటం మానలేదు. మందుల సంగతులు అందరూ డాక్టర్ గదిలోనే అడుగుతారు. బయటికొచ్చి లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ఈ స్థితిలో నవ్వొచ్చా, నవ్వించొచ్చా, ఎవరైనా ఏమైనా అనుకుంటారా అని. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. చికిత్సకి సంబంధించి ఆఖరి మాట మాత్రం మీ ఆంకాలజిస్టుదే, అంటే క్యాన్సర్ డాక్టరుదే.

నవ్వితే క్యాన్సర్ తగ్గుతుందా?

తగ్గదు. గడ్డ మీద పనిచేసేవి సర్జరీ, కీమో, రేడియేషన్, హార్మోన్ మాత్రలు, కొందరికి టార్గెటెడ్ మందులు. ఆ వరసలో నవ్వు లేదు.

నవ్వితే తగ్గుతుందన్న నమ్మకం వెనక ఒక కథ ఉంది. 1989లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో పనిచేసే సైకియాట్రిస్టు డేవిడ్ స్పీగెల్, ఆయన బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్ ఒంట్లో వేరే చోట్లకి పాకిన 86 మంది ఆడవాళ్ల మీద జరిగింది. వాళ్లలో వారం వారం గుంపుగా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ కాలం బతికారని అందులో తేలింది. మనసు బాగుంటే క్యాన్సర్ లొంగుతుందన్న నమ్మకానికి అప్పట్లో అది పెద్ద బలం. కానీ 2001లో కెనడాలో 235 మందితో అదే పద్ధతి పరీక్షించి చూస్తే ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ బృందమే మళ్లీ చేసిన అధ్యయనంలోనూ పెరగలేదు. అయితే 2001 అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. గుంపులో కూర్చున్నవాళ్లకి దిగులు తగ్గింది, నొప్పి బాధ కూడా తగ్గింది. మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకే ఆ మేలు ఎక్కువ జరిగింది.

నేను దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. నవ్వుతూ ఉంటే తగ్గిపోతుందని ఒకసారి ఒప్పుకున్నామంటే, రేపు జబ్బు తిరగబెట్టినప్పుడు "నువ్వు పాజిటివ్‌గా ఉండలేదు" అని ఆ మనిషినే నిందిస్తాం. న్యూయార్క్‌లో క్యాన్సర్ రోగుల మనసు గురించి జీవితమంతా పనిచేసిన డాక్టర్ జిమ్మీ హాలండ్ ఈ ధోరణిని దౌర్జన్యం అన్నారు. నాకూ ఆ మాటే సరైనదనిపిస్తుంది. ఒంట్లో ఓపిక లేని మనిషి మీద నవ్వి తీరాలన్న బాధ్యత కూడా పెట్టకండి.

మరి నవ్వు దేనికి పనికొస్తుంది?

నొప్పిని కాస్త ఓర్చుకోవడానికి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం మనుషులకి కామెడీ వీడియోలు చూపించి, నవ్వకముందూ నవ్వాకా ఎంత నొప్పి తట్టుకోగలుగుతున్నారో కొలిచింది. కొలవడానికి వాడినవాటిలో మనకి తెలిసిన బీపీ పట్టీ కూడా ఉంది, దాన్ని బిగించుకుంటూ పోయారు. కడుపారా నవ్వినవాళ్లు ఎక్కువ తట్టుకున్నారు. ఒంటరిగా చూసినప్పటి కన్నా నలుగురిలో కూర్చుని చూసినప్పుడు మనిషి చాలా ఎక్కువగా నవ్వుతాడు. అది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్ష, క్యాన్సర్ వార్డులో చేసింది కాదు. అయినా వార్డులో నేను చూసిన దానికి అది దగ్గరగానే ఉంది.

రెండో ఉపయోగం నా దృష్టిలో ఇంకా పెద్దది. క్యాన్సర్ అని తేలిన రోజు నుంచీ ఆ మనిషి గురించి అందరూ మాట్లాడతారు, ఆ మనిషి మాత్రం వింటూ ఉంటుంది. డాక్టర్ చెప్తాడు, భర్త చెప్తాడు, అత్తగారు చెప్తారు, పక్కింటావిడ చెప్తుంది. ఫైల్ మీద తనదొక నంబరు. అలాంటప్పుడు తను ఒక జోక్ వేసిందంటే ఆ కాసేపు మాట్లాడేది తను, వినేది మిగతావాళ్లు. తన ఒంటి గురించి తనే నోరు తెరిచి చెప్పడం అది. గదిలో ఉన్న భయాన్ని కూడా అదే దించుతుంది. ఎవరూ అనలేకపోతున్న మాటని తను తేలిగ్గా అనేసింది కాబట్టి, ఇక మిగతావాళ్లకి కూడా మామూలుగా మాట్లాడే ధైర్యం వస్తుంది.

అయితే ఎవరైనా జోక్ వేయొచ్చా?

మొదటి జోక్ ఆమెదే. నాకు తెలిసిన ఒకే ఒక్క నియమం ఇది, దీన్ని ఎక్కడా సడలించను. ఆమె తన గుండు మీద జోకేస్తే మీరు నవ్వండి, దానికి ఇంకోటి కలపండి. ఆమె ఇంకా ఆ విషయం ఎత్తలేదంటే మీరూ ఎత్తకండి. నిన్న నవ్వింది కదా అని ఇవాళ కూడా నవ్వాలని లేదు. కీమో ఎక్కించుకున్న రెండో రోజు, మూడో రోజు చాలామందికి నరకంలా ఉంటుంది. ఆ రోజుల్లో మీ తెలివితేటలు చూపించకండి, కాస్త మజ్జిగ కలిపివ్వండి చాలు.

జోకులన్నీ ఒకటి కావు కూడా. కెనడా సైకాలజిస్టు రాడ్ మార్టిన్ 2003లో మనుషుల హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీశారు. నలుగురినీ దగ్గర చేసేది, కష్టంలో తన మనసుని తాను నిలబెట్టుకునేది, ఎదుటివాళ్లని పొడిచేది, తనని తాను కించపరుచుకునేది. మొదటి రెండూ ఉన్నవాళ్లు మానసికంగా బాగుంటారని, నాలుగోది దిగులుతో, డిప్రెషన్‌తో కలిసి కనిపిస్తుందని తర్వాత చాలా అధ్యయనాలు చెప్పాయి. ఇంట్లోవాళ్లు గమనించాల్సింది ఇదే. "నా గుండు మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు, అంత వేడిగా ఉంది ఎండ" అంటే సరదా. "నేనెందుకూ పనికిరాను, చెత్తబుట్టలో వేయండి" అని నవ్వుతూ అన్నా అది సరదా కాదు. అప్పుడు నవ్వకండి. పక్కన కూర్చుని "ఏమైంది" అని అడగండి.

జుట్టు ఊడిపోతుందంటే భయంగా ఉంది. దీంట్లో నవ్వడానికి ఏముంది?

భయం నిజమే. చాలామంది ఆడవాళ్లు రొమ్ము తీసేస్తారన్న మాట కన్నా జడ పోతుందన్న మాటకే ముందు ఏడుస్తారు. రొమ్ము పోయిన సంగతి బట్టల కింద దాగుతుంది, గుండు వీధిలోకి రాగానే కనిపిస్తుంది. ఎర్ర మందు (డాక్సోరూబిసిన్), టాక్సాల్ లాంటి కీమో మందులు ఇచ్చేటప్పుడు మొదటి డోసు పడిన రెండు మూడు వారాలకి ఊడటం మొదలవుతుంది. దువ్వెనకి చిక్కుతుంది, దిండు మీద పరుచుకుంటుంది, బాత్రూం జాలీ మూసుకుపోతుంది. కనుబొమలు, రెప్పల వెంట్రుకలు కూడా కొందరికి పోతాయి. అది చూస్తూ రోజూ ఏడవడం కన్నా ముందే పొట్టిగా కత్తిరించుకోవడమో, గుండు గీయించుకోవడమో మేలని నర్సులు చెప్తుంటారు. కీమో అయిపోయిన రెండు మూడు నెలలకి మళ్లీ వస్తుంది, కొందరికి ముందు లేని ఉంగరాలు తిరిగి మరీ వస్తుంది.

మన తెలుగువాళ్లకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. గుండు చూడగానే మనవాళ్ల నోట్లోంచి వచ్చే మొదటి మాట "తిరుపతి వెళ్లొచ్చారా?" తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్లు, పిల్లలు అందరూ తలనీలాలు ఇస్తారు కాబట్టి ఆడమనిషి గుండుతో కనబడితే మనకి వింత కాదు. అవునని తలూపి వెళ్లిపోయినవాళ్లు బోలెడుమంది. ఒకావిడ ఆ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లకీ "వెళ్లొచ్చాం, లడ్డూలు మాత్రం అయిపోయాయి" అని చెప్పేది. మా అక్క అంతటితో ఆగలేదు. పెళ్లైన కొత్తలో కొండకి వెళ్లినప్పుడు గుండు వద్దు, మూడు కత్తెరలు ఇస్తానని మొక్కుకుందట, అదీ మర్చిపోయి దిగొచ్చేసిందట. ఇంట్లో మంగలిని పిలిపించి గుండు చేయించుకుంటున్న రోజు, మేమందరం ఎటో చూస్తూ కళ్లు తుడుచుకుంటుంటే తనే అంది: "ఊరికే వడ్డికాసులవాడన్నారా? మూడు కత్తెరల బాకీ, ఇన్నేళ్లకి వడ్డీతో సహా మొత్తం వసూలు చేశాడు." మంగలి కత్తి ఆపి నవ్వాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. అమ్మ ఆ నెలలో నవ్వడం నేను చూసింది అప్పుడే.

విగ్గు పెట్టుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. మన ఎండల్లో విగ్గు కింద చెమట, దురద భరించలేక చాలామంది పెళ్లిళ్లకి మాత్రమే వాడి, మిగతా రోజుల్లో మెత్తని కాటన్ స్కార్ఫ్‌తో సరిపెట్టుకుంటారు. విగ్గుకి ఒక పేరు పెట్టుకోండి. నాకు తెలిసినవాళ్లలో చాలామంది పెట్టుకున్నారు. "ఇవాళ సుబ్బలక్ష్మిని ఇంట్లోనే వదిలేసి వచ్చాను" అంటే ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది.

కీమో వార్డులో నిజంగా ఎవరైనా నవ్వుతారా?

నవ్వుతారు. బయటివాళ్లకి నమ్మకం కుదరదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

డే కేర్ వార్డులో వరసగా వాలు కుర్చీలు ఉంటాయి, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు. పొద్దున్నే రక్తపరీక్ష రిపోర్టు వస్తుంది, కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, బాగుంటేనే కీమో. కౌంట్స్ తగ్గితే వాయిదా వేసి ఇంటికి పంపేస్తారు. ఆ రిపోర్టు వచ్చేదాకా వార్డు మొత్తం ఇంటర్మీడియట్ రిజల్ట్స్ కోసం ఎదురుచూసే పిల్లల్లా ఉంటుంది. తర్వాత వాంతులు రాకుండా ముందు మందులు ఎక్కిస్తారు. ఆ తర్వాత ఎర్ర మందు. దాని పేరు డాక్సోరూబిసిన్, చాలామంది పేరు పలకరు, ఎర్ర మందనే అంటారు. సిస్టర్ పెద్ద సిరంజి పట్టుకుని పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటుంది. కొంచెం ఎక్కించి, ఆగి, నరంలోంచి రక్తం వెనక్కి వస్తోందో లేదో చూసి, మళ్లీ కొంచెం. ఆ మందు నరం బయటికి కారితే చర్మం, కండ దెబ్బతింటాయి, అందుకే అంత జాగ్రత్త. ఆ నిమిషాల్లో కుర్చీలో ఉన్న మనిషి ఆ ఎర్ర రంగు తన ఒంట్లోకి పోవడం చూస్తూ ఉండాలి.

గుంటూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఆ సిరంజిని అటూ ఇటూ తిప్పి చూసి సిస్టర్‌తో అన్న మాట నాకింకా గుర్తు. "అమ్మాయ్, ఇంత చక్కని రంగు తెచ్చావు, నాలుగు సబ్జా గింజలు వేసుంటే రోజ్‌మిల్క్ తాగినట్టుండేది కదే!" పక్క కుర్చీలో అప్పటిదాకా కళ్లు మూసుకుని పడుకున్న అమ్మాయి, మొదటి విడత కీమోకి వచ్చిన పిల్ల, కళ్లు తెరిచింది. ఆ రోజు నుంచి ఆ వరసలో దాని పేరు రోజ్‌మిల్కే. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడొద్దని సిస్టర్లు చెప్పాల్సిన జాగ్రత్త కూడా ఆ పెద్దావిడే కొత్తవాళ్లకి చెప్పేది. ఆవిడ చెప్తే ఎవరూ భయపడలేదు.

రేడియేషన్‌ని మా ఊళ్లో కరెంటు పెట్టడం అంటారు. అదీ సరదాగా గడుస్తుందా?

కీమోతో పోలిస్తే చాలామందికి తేలిక. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు. రోజూ తిరగడం, అలసట, చివర్లో చర్మం కమలడం, ఇవే కష్టాలు. రేడియేషన్ సరిగ్గా ఎక్కడ పడాలో గుర్తుగా కొన్నిచోట్ల చిన్న చిన్న చుక్కలు పచ్చబొట్లలా పొడుస్తారు. "మా అమ్మ చేతి మీద పొడిపించింది, ఆస్పత్రివాళ్లు గుండెల మీద పొడిచారు" అని ఒకావిడ అంటుంటే వెయిటింగ్ హాలంతా వింది. కరెంటు బిల్లు మాత్రం ఆరోగ్యశ్రీ ఖాతాలో వేయమన్నది ఇంకొకావిడ.

రొమ్ము తీసేశారు. దాని మీద కూడా నవ్వొచ్చా?

ఆమె నవ్వితే నవ్వొచ్చు, అప్పుడు కూడా జాగ్రత్తగా. ఇది జుట్టులా తిరిగొచ్చేది కాదు. అద్దంలో మొదటిసారి చూసుకోవడానికే కొందరికి వారాలు పడుతుంది. ఎవరూ తొందరపెట్టకూడదు.

సర్జరీ అయ్యాక ఒంట్లోంచి నీరు, రక్తం బయటికి రావడానికి డ్రెయిన్ పెడతారు. ఒక గొట్టం, చివర డబ్బా. దాంతోనే ఇంటికి పంపిస్తారు. రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో చూసి నోట్‌బుక్‌లో రాయాలి, తగ్గాక తీసేస్తారు. మా అక్క ఆ డబ్బాని ఒక పాత బట్టసంచిలో పెట్టి భుజానికి తగిలించుకునేది. చూడటానికి వచ్చినవాళ్లు "ఆ సంచిలో ఏంటి" అంటే "ఇల్లు వదిలి వెళ్లనంటున్న అద్దెవాడు" అనేది. రోజూ కొలత రాయడం నా పని. నోట్‌బుక్ అట్ట మీద "అద్దె ఖాతా" అని తనే రాసింది. కొలత తగ్గిన రోజు "వీడు సామాన్లు సర్దుకుంటున్నాడు" అని చెప్పేది. చూడాలంటేనే కడుపులో తిప్పే ఆ డబ్బాని మేమిద్దరం రోజూ చూడగలిగామంటే ఆ మాటల వల్లే.

గాయం పూర్తిగా మానాక, దాదాపు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, బ్రాలో పెట్టుకునే సిలికాన్ రొమ్ము కొలతకి తగ్గట్టు దొరుకుతుంది. అంతవరకూ మెత్తని దూదితో చేసినవి వాడతారు. ఇవి జారతాయి. బస్సులో జారి భుజం దాకా వెళ్లిందని, పూజలో వంగితే పళ్లెంలో పడిందని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని కన్నీళ్లొచ్చేలా నవ్వుకోవడం విన్నాను. ఆ నవ్వు ఆ అనుభవం ఉన్నవాళ్ల మధ్యది. అక్కడ పక్కనున్న మనం వింటే చాలు. జారకుండా బ్రాకి లోపల జేబు కుట్టించుకోవచ్చు, మామూలు లేడీస్ టైలర్ కుట్టేస్తుంది.

మా ఆయన ప్రతిదానికీ జోకేస్తున్నాడు. ఒళ్లు మండిపోతోంది.

చెప్పేయండి. "నాకిప్పుడు నవ్వు రావట్లేదు, కాసేపు ఊరికే కూర్చో" అంటే చాలు. ఏం చేయాలో తోచని మగవాళ్లు చాలామంది భయాన్ని ఇలా కప్పిపెట్టుకుంటారు. ఆయనకి ఒక పని అప్పగించండి. డ్రెయిన్ కొలతలు, మాత్రల డబ్బా సర్దడం, ఇన్సూరెన్స్ కాగితాలు, ఏదో ఒకటి. చేతికి పని దొరికితే నోరు కాస్త ఆగుతుంది. అయితే మీ ఒంటి గురించి, రొమ్ము గురించి ఆయన జోకేస్తే మాత్రం సర్దుకుపోవాల్సిన పనిలేదు. ముందే చెప్పాను, ఆ హక్కు మీది.

నాది వేరే సమస్య. నేను నవ్వుతూ మాట్లాడితే ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు.

మీరు తట్టుకున్నంత వేగంగా వాళ్లు తట్టుకోలేకపోతున్నారు. ఇది చాలా ఇళ్లలో ఉంది. వాళ్లతో ఒకసారి స్పష్టంగా అనండి: "నేను జోకేస్తే నాకు భయం లేదని కాదు. భయంగా ఉన్నప్పుడే వేస్తాను. మీరు నవ్వితే నాకు తేలికవుతుంది." నోటితో చెప్పకపోతే వాళ్లకి తెలీదు. అత్తగారి తరం వాళ్లు నవ్వు నాలుగు విధాల చేటని పెరిగినవాళ్లు, జబ్బు ఇంట్లో ఉండగా నవ్వితే దిష్టి తగులుతుందని వాళ్ల భయం. వాళ్లని మార్చే ప్రయత్నం ఈ నెలల్లో పెట్టుకోకండి. నవ్వడానికి వేరే మనిషిని, ఒక చెల్లెల్నో స్నేహితురాలినో చూసుకోండి.

పరామర్శకి వచ్చేవాళ్లని ఎలా తట్టుకోవాలి?

ఇది అందరూ అడిగే ప్రశ్న, అందరికీ కోపం తెప్పించేది కూడా. "మా పెద్దమ్మకీ ఇదే, ఆర్నెల్లలో పోయింది" అనేవాళ్లు, "మీ వంశంలో ఎవరికీ లేదే, నీకెలా వచ్చింది" అనేవాళ్లు, లక్ష్మణఫలం ఆకుల కషాయం ఒక్క మండలం తాగు చాలనేవాళ్లు. వాళ్లతో మాట్లాడితే మనకి కన్నీళ్లు, మాట్లాడకపోతే పొగరంటారు.

మేం చేసిన పని చెప్తాను. ఎవరేం అన్నారో రాత్రి అక్కా నేనూ కూర్చుని చెప్పుకునేవాళ్లం, అన్నిట్లోకీ ఘనమైన మాటకి "ఇవాళ్టి సన్మానం" ప్రకటించేవాళ్లం. శాలువా కూడా కప్పేవాళ్లం, దిండుకి. కొన్నాళ్లకి అక్క మారిపోయింది. ఎవరైనా నోరు జారగానే బాధపడటం మానేసి, నావైపు చూసి కళ్లతో "ఇది సన్మానానికి" అనేది. మాట గుచ్చుకునే లోపే అది రాత్రికి దాచుకునే సరుకైపోయేది. వచ్చినవాళ్ల ముందు మాత్రం మర్యాద తప్పలేదు.

కషాయాల విషయం వేరు. వాటిని నవ్వి వదిలేయండి, కానీ నిజంగా తాగుతుంటే డాక్టర్‌కి దాచొద్దు. కొన్ని మూలికలు కీమో మందులతో కలిసి లివర్‌కి ఇబ్బంది చేస్తాయి.

చిన్నపిల్లలకి ఎలా చెప్పాలి? వాళ్ల ముందు జోకులు వేయొచ్చా?

ముందు నిజం, తర్వాతే సరదా. జబ్బు పేరు క్యాన్సర్ అని, గట్టి మందు ఇస్తారని, ఆ మందు వల్ల జుట్టు రాలుతుందని, మళ్లీ వస్తుందని చెప్పండి. రెండు మాటలు తప్పకుండా చెప్పాలి: ఇది అంటుకోదు, నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు. పిల్లలు రెండోదాన్ని మనసులో పెట్టుకుని ఎవరితోనూ చెప్పరు. ఆ తర్వాత వాళ్లే జోకులు మొదలుపెడతారు, మీరు నేర్పక్కర్లేదు. అమ్మ గుండు మీద చేత్తో నిమిరి "తాతయ్యా" అని పిలిచిన పిల్లాడున్నాడు. ఆవిడ కర్ర తెప్పించుకుని తాతయ్యలా దగ్గి చూపించింది.

నవ్వితే కుట్లు నొప్పి పెడుతున్నాయి. లాఫింగ్ క్లబ్‌లో చేరొచ్చా?

సర్జరీ అయిన కొత్తలో గట్టిగా నవ్వాల్సొస్తే చిన్న దిండు ఛాతీకి అదుముకుని నవ్వండి, దగ్గొచ్చినప్పుడు కూడా అంతే. నోట్లో పుండ్లు ఉన్నప్పుడు నవ్వితే మంటే, ఆ వారం చిరునవ్వు చాలు.

లాఫింగ్ క్లబ్‌కి డాక్టర్ సరేనన్నాకే వెళ్లండి. చేతులు పైకెత్తి చేసే కసరత్తులు కుట్లు మానకముందు పనికిరావు, కౌంట్స్ తగ్గిన రోజుల్లో జనంలోకి వెళ్లడం కూడా మంచిది కాదు. ఈ క్లబ్బులు 1995లో ముంబైలోని ఒక పార్కులో డాక్టర్ మదన్ కటారియా మొదలుపెట్టినవి, మొదటి రోజు వచ్చింది ఐదుగురే. మొదట్లో జోకులు చెప్పుకునే నవ్వేవాళ్లు. కొద్ది రోజులకే మంచి జోకులు అయిపోయి, ఎదుటివాళ్లని నొప్పించేవి మొదలయ్యాయి. దాంతో ఆయన జోకులు మానిపించి, ఊరికే నవ్వే పద్ధతి పెట్టారు. జోకులు చెప్పడం రాదని బాధపడేవాళ్లకి ఇది నిజంగా మంచి కబురు.

ఏ విషయాలు నవ్వి వదిలేయకూడదు?

కీమో రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరితే అర్ధరాత్రైనా ఆస్పత్రికి ఫోన్ చేయాలి. పొద్దున్న చూద్దాం అనకండి. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఆయాసం, ఛాతీనొప్పి, ఆగని వాంతులు, సర్జరీ అయిన వైపు చేయి వాచడం, ఎర్రబడటం కూడా అంతే. చలాకీగా ఉండేవాళ్లతో ఉన్న ప్రమాదం ఏమిటంటే, డాక్టర్ "ఎలా ఉన్నారు" అన్నా ఒక జోకేసి బాధ చెప్పకుండా వచ్చేస్తారు. అలాంటివాళ్లు బాధలు ముందే కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వడం మంచిది.

ఇంకో సంగతి. అందరినీ నవ్వించే మనిషి రాత్రుళ్లు నిద్రపోకపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, బతికి ఏం లాభం అనడం రెండు వారాలకి మించి కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. ఆంకాలజిస్టుకి చెప్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, నవ్వుతూ అన్నా సరే, ఆ రోజే ఫోన్ చేయండి, ఒంటరిగా వదలకండి.

ఏడుపొస్తే?

ఏడవండి. ఆపుకోవద్దు.

క్యాన్సర్ గురించి బహిరంగంగా నవ్వుతూ మాట్లాడినవాళ్లు ఉన్నారా?

అమెరికా కమెడియన్ టిగ్ నొటారో 2012 ఆగస్టులో, రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన కొద్ది రోజులకే లాస్ ఏంజెలెస్‌లో స్టేజీ ఎక్కి, నమస్కారం చెప్పినంత మామూలుగా తనకి క్యాన్సర్ అని చెప్పి మొదలుపెట్టింది. జనానికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, వాళ్లని ఓదార్చే పని కూడా తనే చేసింది. తర్వాత రెండు రొమ్ములూ తీసేశారు. 2014లో ఒక ప్రదర్శన మధ్యలో చొక్కా విప్పేసి ఆ మచ్చలతోనే మామూలు జోకులు కొనసాగించింది. కాసేపటికి జనం మచ్చల సంగతి మర్చిపోయి జోకులకి నవ్వారు. అందరూ అలా చేయాలని కాదు, అలా కూడా చేయొచ్చని తెలియడం మంచిదే కదా.

మన దగ్గర సినిమా నటి హంసానందిని 2021 డిసెంబరులో గుండుతో ఉన్న ఫోటో పెట్టి తనకి రొమ్ము క్యాన్సర్ అని చెప్పింది. వాళ్లమ్మ కూడా అదే జబ్బుతో పోయారు. తెలుగు తెర మీద జడ, అందం తప్ప వేరే చూపించని పరిశ్రమలో ఆ ఫోటో పెట్టడం చిన్న విషయం కాదు. అప్పట్లో చికిత్సలో ఉన్న చాలామంది అమ్మాయిలు ఆ ఫోటోని ఫోన్‌లో దాచుకున్నారు.

చికిత్స అయిపోయి ఐదేళ్ల మాత్రలు వేసుకుంటున్నాను. ఒంట్లో ఆవిర్లు, మతిమరుపు. ఇంకా ఎన్నాళ్లు నవ్వుతూ ఉండాలి?

ఉండాలని ఎవరూ అనట్లేదు. టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వాడాలి. డిసెంబరు చలిలో ఫ్యాన్ ఐదులో పెట్టుకుంటే పక్కన ఆయన రెండు రగ్గులు కప్పుకోవడం, కళ్లజోడు తల మీదే పెట్టుకుని ఇల్లంతా వెతకడం, ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునే సంగతులే. కానీ ఆవిర్లు నిద్ర పాడు చేస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, తగ్గించే మార్గాలున్నాయి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

నేను అమెరికాలో ఉన్నాను. అమ్మ విజయవాడలో కీమో తీసుకుంటోంది. ఫోన్‌లో ఎలా నవ్వించను?

నవ్వించాలని కూర్చుంటే రాదు. రోజూ "ఎలా ఉందమ్మా, తిన్నావా, మందులు వేసుకున్నావా" అని అడిగితే అదీ ఆస్పత్రి రౌండ్స్ లాగే ఉంటుంది. మీ కష్టాలు చెప్పండి. కూర మాడ్చిన సంగతి, ఆఫీసులో తిట్లు తిన్న సంగతి, పిల్లలు తెలుగు ఎలా ఖూనీ చేస్తున్నారో. అమ్మకి కోపం తెప్పించే విషయాలు కూడా దాచకండి. మిమ్మల్ని తిట్టే అవకాశం దొరికితే ఆవిడ పేషెంటు పాత్ర వదిలేసి అమ్మైపోతుంది. వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరూ ఒకే కామెడీ సీను ఒకేసారి చూడండి. బ్రహ్మానందమో కోవై సరళో, ఆవిడకి నచ్చింది, మీకు నచ్చింది కాదు. అక్కడ కీమో కుర్చీలో కూర్చునే వేళకి మీకు రాత్రవుతుంది, ఆఫీసు పని ఉండదు, కాస్త మెలకువగా ఉంటే చాలు. అమ్మ మాట్లాడలేకపోతే ఫోన్ పెట్టేయొద్దు, స్పీకర్‌లో ఉంచి మీ ఇంట్లో గొడవ వినిపించండి. కీమో అయిన రెండో రోజు, మూడో రోజు కాల్ చిన్నదిగా ఉంచండి, చూసుకుంటున్న పిన్నికో వదినకో విడిగా ఫోన్ చేసి జ్వరం ఉందేమో కనుక్కోండి.